తలా పావు హాజరు

మా డిపార్ట్‌మెంటులో కంప్యూటరుకు భయపడని మనిషిని నేనొక్కదాన్నే అని చాలా ఏళ్లు గర్వపడ్డాను. పెద్ద ప్రొఫెసర్లు ఈమెయిలుకు జవాబివ్వాలన్నా నన్నే పిలిచేవాళ్లు. విసుక్కుంటూ వెళ్లేదాన్ని, వెళ్లాక రెండు మాటలు అనేదాన్ని, పని చేసిపెట్టి వచ్చేదాన్ని. నా నోటికి జడిసి కొందరు పిలవడం మానేశారు గానీ, నా పనికి వంక పెట్టినవాళ్లు లేరు. అందుకే మా యూనివర్సిటీలో సగం పాఠాలు క్లాసులో, సగం ఫోనులో అనే పద్ధతి వచ్చినప్పుడు, కోఆర్డినేటర్‌గా నా పేరు రాయడానికి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం బస్సులో కూర్చుని లోలోపల కాస్త పొంగాను కూడా.

ఆ పద్ధతికి పైకి చెప్పిన కారణాలు ఘనంగా ఉండేవి. కొత్త తరం, కొత్త బోధన, ఎక్కడున్నా చదువు. అసలు కారణం ఆడపిల్లల హాస్టలు పైకప్పు. రెండు వానాకాలాలకు పెచ్చులూడిపోయి, ఇంజనీర్లు వచ్చి చూసి పై అంతస్తు మూయించారు. మిగిలిన గదులు సగం మందికే సరిపోతాయి. కాబట్టి ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు పిల్లలు ఒక వారం క్యాంపసులో ఉండాలి, ఒక వారం ఇంటి దగ్గర ఉండి వీడియోలు చూడాలి. నెల్లూరులోనో గూడూరులోనో ఇల్లున్నవాళ్లకు అది పండగే. మిగతావాళ్ల సంగతి మీటింగులో ఎవరూ ఎత్తలేదు.

హాజరు ఎలా వేయాలన్న దగ్గర మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం. వీడియో ఆన్ చేసి ఫోను మంచం మీద పడేసి పోతారని ఒకాయన అన్నారు. నాకు పిల్లల తెలివితేటల మీద చాలా నమ్మకం, అందుకే పిల్లల మీద అపనమ్మకం. దానికి మందు నేనే చెప్పాను. వీడియో రోజూ పొద్దున పది నుంచి పన్నెండు దాకానే తెరుచుకుంటుంది. పది నిమిషాలకోసారి తెర మీద ఒక బటన్ వస్తుంది. అది నొక్కకపోతే లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఎవరి లాగిన్‌తో వాళ్లు చూడాలి, చూసిన నిమిషాలే హాజరు. క్లాసు హాజరుతో కలపకుండా వీడియోలకు విడిగా నూటికి డెబ్బై అయిదు లేకపోతే పరీక్షకు హాల్ టికెట్ రాదు. డీన్ గారు "మేడం దగ్గర ఎవరి ఆటలూ సాగవు" అన్నారు, అందరం నవ్వుకున్నాం.

సిగ్నలు అందని ఊళ్ల పిల్లల కోసం ఒక క్లాజు చేర్చాం. వాళ్లు కొందరు కలిసి ఒకే ఫోనులో చూడవచ్చు, అందరికీ పూర్తి హాజరు వేస్తాం. అయితే కోఆర్డినేటర్ ముందుగా అనుమతి ఇచ్చి, రిజిస్టరులో వాళ్ల పేర్లు రాసి సంతకం పెట్టాలి. ఆ క్లాజు రాసింది నేనే. రాసిన వారానికల్లా దాన్ని మర్చిపోయిందీ నేనే.

వీడియోలు తీయడం నాకు తెలియకుండానే ఇష్టమైన పనైపోయింది. ల్యాబులో తలుపులు మూసి, ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని అది ఆపేసి, చెమటలు కక్కుతూ పాఠం చెప్పేదాన్ని. నేను చెప్పేది జంతుశాస్త్రం, అందులో మా తీరం వైపు సరస్సుల, ఉప్పునీటి కయ్యల జీవాల గురించి. ఎవరూ లేని గదిలో "అర్థమైందా" అని అడిగేదాన్ని. రెండు సెకన్లు ఆగేదాన్ని. "సరే" అని ముందుకు పోయేదాన్ని. క్లాసులో ఎవడో ఒకడు తల గోక్కుంటూ ఉంటాడు, వాణ్ణి చూసి నాకు కోపం వస్తుంది, ఆ కోపంలో ఇంకోసారి చెబుతాను. ఖాళీ గది నాకు కోపం తెప్పించలేదు, అందుకే అది సుఖంగా ఉండేది.

ఆ బ్యాచిలో పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలర్ల కుప్పం నుంచి నలుగురు ఉండేవాళ్లు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. సూళ్లూరుపేటలో బస్సు దిగి, ఆటోలో కొంత దూరం, కాలినడకన కొంత దూరం పోవాల్సిన ఊరు. నలుగురివీ చేపలు పట్టుకుని బతికే ఇళ్లే. అబ్బాయిలు వెనక బెంచీల్లో ఒద్దికగా కూర్చునేవాళ్లు. ఆ అమ్మాయి రెండో బెంచీలో కూర్చుని, నేను మాట్లాడుతున్నంతసేపూ నా మొహం కేసి కాకుండా నేను చూపించే బొమ్మ కేసి చూసేది.

మొదటి సెమిస్టరులోనే ఒకసారి నా తప్పు పట్టుకుంది. పులికాట్ పడవల బొమ్మ ఒకటి చూపించి పాఠం చెబుతున్నాను. లేచి నిలబడింది.

"మేడం, అది మా మడుగు కాదు. మా పడవలకి అంచు అంత ఎత్తుండదు."

నిజమే. ఆ ఫోటో ఒరిస్సా వైపు సరస్సుది. తెలిసే పెట్టాను, పడవ పడవే కదా అనుకుని. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే వచ్చి నువ్వే చెప్పు పాఠం" అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆమె ఆ వెటకారాన్ని పట్టించుకోకుండా నిజంగానే బోర్డు దగ్గరికి వచ్చింది. ఏ నెలలో నీళ్లు ఉప్పెక్కుతాయో, సముద్రంలో కలిసే మొగ ఇసుకతో ఎప్పుడు పూడుకుపోతుందో, పూడితే ఏ చేప ముందు తగ్గిపోతుందో పది నిమిషాలు చెప్పింది. ఆ రోజు ఇంటికి పోయాక నా నోట్సులో మూడు తప్పులు దిద్దుకున్నాను. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

చివరి సెమిస్టరు మొదలయ్యేసరికి ఆమెకు ఉద్యోగం కూడా దొరికింది. సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హ్యాచరీ వాళ్లు వచ్చి ఇంటర్వ్యూలు చేసి, ల్యాబులో పనికి ఆమెను ఒక్కదాన్నే ఎంచుకున్నారు. పరీక్ష పాసై జూన్‌లో చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి. వాళ్ల నాన్న ఒకసారి డిపార్ట్‌మెంటుకు వచ్చాడు. చెప్పులు వరండాలోనే విడిచి, నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎంత చెప్పినా లోపలికి రాలేదు.

"ఈ ఒక్క ఏడు ఎట్టో చదివిస్తానమ్మా. ఇది దాటితే నా వల్ల కాదు. పాసవతాది కదా?"

"మీ అమ్మాయి పాసవకపోతే ఈ క్లాసులో ఇంకెవరూ పాసవరు" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ వారంలోనే, నేను హడావిడిగా మెట్లు దిగుతున్నప్పుడు ఆమె ఎదురొచ్చింది. నా చంకలో ల్యాప్‌టాప్, చెవి దగ్గర ఫోను. ఫోనులో ఎవరో ఏదో పాస్‌వర్డ్ మర్చిపోయి ప్రాణం తీస్తున్నారు.

"మేడం, మా ఊళ్లో సిగ్నలు తుఫాను షెల్టరు మిద్దె మీద తప్ప రాదు. అదీ ఒక ఫోనుకే ఆడతాది. మేం నలుగురం ఒక ఫోనులో చూడొచ్చా?"

"చూడండమ్మా. ఎట్లా చూసినా చూడటమే కదా."

"మీరు పేర్లు రాసుకోవాలంట మేడం, నోటీసులో ఉండాది."

"రాస్తాలే. గుర్తుచెయ్యి" అని దిగిపోయాను.

ఆమె గుర్తుచేసింది. రెండు రోజుల తర్వాత నా గదికి వచ్చి, నేను లేకపోతే తలుపు కింద నుంచి ఒక కాగితం తోసి వెళ్లింది. నలుగురి పేర్లు, రోల్ నంబర్లు, కింద తేదీ, 'ఒకే ఫోనులో చూడటానికి' అని ఒక వాక్యం. నేను ఆ కాగితం చదివాను. సాయంత్రం రాద్దామని డ్రాయరులో పెట్టాను. ఆ మరునాడు వాళ్ల క్యాంపసు వారం అయిపోయి నలుగురూ ఊరికి వెళ్లిపోయారు. రిజిస్టరులో ఆ పేజీ తెల్లగానే ఉండిపోయింది.

రెండు నెలలకు వీడియోల పోర్టల్ హాజరు రిపోర్టు తీసింది. డెబ్బై అయిదు లోపు ఉన్నవాళ్ల వరుసలు ఎర్రగా వస్తాయి. ఆ నలుగురివీ ఎర్రగా వచ్చాయి. అంకెలు కూడా దాదాపు ఒకటే, నూటికి ఇరవై అయిదు. పక్కన ఒక హెచ్చరిక, నాలుగు లాగిన్లు ఒకే ఫోను నుంచి వాడారని. నాకు అప్పుడు మెట్ల మీది మాట గుర్తుకు రాలేదు, డ్రాయరులోని కాగితమూ గుర్తుకు రాలేదు. వచ్చిందల్లా కోపం. నేను కష్టపడి కట్టిన పద్ధతికి నలుగురు పిల్లలు కన్నం వేశారని కోపం. ఆ కోపంలోనే రిపోర్టు డీన్ ఆఫీసుకు పంపేశాను. పంపాక పిల్లల్ని పిలిచాను. ముందు పిలిచి, తర్వాత పంపి ఉండవచ్చు. ఆ తెలివి ఆ రోజు లేదు.

నలుగురూ నా బల్ల ముందు వరసగా నిలబడ్డారు. తెర వాళ్ల వైపు తిప్పి ఇదేమిటని అడిగాను. వాళ్లలో పొడుగ్గా ఉండే అబ్బాయి చెప్పడం మొదలుపెట్టాడు.

"రోజుకొకరి లాగిన్‌తో తెరిచినాం మేడం. ఆ పొద్దు వంతు వాళ్లది. నలుగురం కూర్చోని చూసినాం."

"వంతేమిటి?"

"మడుగులో మాదిరే మేడం."

ఆ వంతు సంగతి నాకు తెలియక కాదు. సరస్సులో చేప బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. అందరూ ఒక్కసారి దిగితే ఎవరికీ ఏమీ మిగలదు, కొట్టుకు చావడం తప్ప. అందుకని కుప్పంలో చీట్లు వేసి ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో పంచుకుంటారు. ఆ రోజు వంతు ఒక ఇంటిదైతే, మిగతావాళ్లు అటు పడవ తిప్పరు. కళ్లముందు చేప ఎగిరి పడుతున్నా తిప్పరు. ఇది నేను పాఠంగా చెబుతాను. అయిదు మార్కుల ప్రశ్నగా ఇస్తాను కూడా. మా తీరం వాళ్ల తరతరాల వివేకం అని వీడియోలో గొంతు పెంచి మరీ చెప్పాను. ఆ వీడియోని వాళ్లు షెల్టరు మిద్దె మీద, ఎవరో ఒకరి వంతు మీదే చూసి ఉంటారు.

"ఒక్కరి లాగిన్‌తోనే అన్నీ చూసుంటే కనీసం ఒక్కరైనా గట్టెక్కేవాళ్లు కదరా" అన్నాను.

"ఒకరే అన్నీ ఎట్లా ఎత్తుకుంటారు మేడం" అన్నాడు ఆ అబ్బాయి. నేను అడిగిందే తప్పన్నట్టు చూశాడు.

"మరి మిగతా రోజుల హాజరు ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు?"

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. "మీరు మా పేర్లు రాసుకున్నారనుకున్నాం మేడం. నలుగురం ఒక జట్టు అని లెక్కేస్తారనుకున్నాం. హాజరు చూపించే పేజీ మా సిగ్నలుకి తెరుచుకోదు."

నాకు మెట్లు గుర్తొచ్చాయి. వెంటనే డ్రాయరు గుర్తొచ్చింది. ఆమె నా మొహంలోకి చూస్తోంది, నేరం మోపే చూపు కాదు. నేను చెబితే సరిపోతుంది కదా అన్నట్టు చూస్తోంది.

"సరే, నేను మాట్లాడతాను" అన్నాను.

బయటికి పోతూ వాళ్లలో పొట్టి అబ్బాయి, నన్ను సంతోషపెడదామనేమో, వెనక్కి తిరిగి అన్నాడు. "మీరు అర్థమైందా అని అడిగినప్పుడల్లా మిద్దె మీద మేం నలుగురం అయింది మేడం అనే వాళ్లం."

మాట్లాడతానన్న మనిషిని, డీన్ ఆఫీసు వేసిన విచారణ కమిటీ రోజు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకో దాచకుండా చెబుతాను. నా ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు అప్పటికి వైస్ ఛాన్సలర్ ఆఫీసుకు చేరింది. అనుమతి నోటితో ఇచ్చి రిజిస్టరు రాయలేదంటే విధుల్లో నిర్లక్ష్యం కింద మెమో వస్తుంది. మెమో ఉంటే ఫైలు ఒక ఏడాది ఆగుతుంది. ఏడాదే. కానీ నా కన్నా చిన్నవాళ్లిద్దరు నన్ను దాటి పోతారు. వాళ్లకు ఈమెయిలు పంపడం నేర్పింది నేను.

కమిటీలో డీన్ గారు, పరీక్షల కంట్రోలర్, మా హెడ్ ఉన్నారు. కోఆర్డినేటర్‌ని కాబట్టి నాకూ వాళ్ల వరసలోనే కుర్చీ వేశారు. నలుగురు పిల్లలు ఎదురుగా నిలబడ్డారు. కంట్రోలర్ మంచి మనిషి, రూలు చదివి మరీ దారి చూపించారు.

"ఇందులో కాపీ కొట్టడమేమీ లేదు, నాకు తెలుస్తోంది. ఒకే ఫోనులో చూడమని కోఆర్డినేటర్ అనుమతి ఉంటే నలుగురికీ పూర్తి హాజరు వేసెయ్యొచ్చు. మేడం, రిజిస్టరులో ఉందా?"

"లేదండీ" అన్నాను. అది అబద్ధం కాదు, రిజిస్టరులో లేదు.

ఆయన పిల్లల వైపు తిరిగారు. "మీకు ఎవరైనా నోటితోనైనా చెప్పారా, ఇట్లా చూడొచ్చని? భయపడకుండా చెప్పండి."

పొడుగు అబ్బాయి నోరు తెరిచాడు. నేను బల్ల మీది కాగితాలు సర్దుతున్నాను. అతని కన్నా ముందు ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"ఎవరూ చెప్పలేదు సార్. మాకు మేమే చూసుకున్నాం."

సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది నిమ్మళం. ఈ వరుసను నేను మార్చి రాయలేను.

డీన్ గారికి జాలి కలిగింది. కాసేపు ఆలోచించి, నాలుగు ఖాతాల్లోని నిమిషాలు కలిపితే ఒకరికి సరిపడా హాజరు అవుతుంది కదా అన్నారు. సాంకేతికంగా అట్లా మార్చగలరా అని నన్ను అడిగారు. మార్చగలనన్నాను. అయితే ఒకరికి వేసేయండి, ఎవరికన్నది మీరే తేల్చుకోండి, మిగతా ముగ్గురూ వచ్చే ఏడాది మళ్లీ చేరాలి అని ఫైలు మూశారు. వరండాలో మా హెడ్ నా పక్కకు వచ్చి, "ఆ పిల్లకే వెయ్యండి మేడం, ఉద్యోగం చేతిలో ఉంది" అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. ఆమె ఒక్కతి గట్టెక్కితే నేనూ గట్టెక్కుతాను, అబ్బాయిలకు ఏడాది ఆలస్యమైతే ఏమైంది, ఎట్లాగో బతుకుతారు అని ఆ వరండా పొడుగునా నాకు నేను చెప్పుకుంటూ నడిచాను.

గదిలో కూర్చున్నాక నలుగురికీ సంగతి చెప్పాను. చెప్పి, ఆ అమ్మాయి రోల్ నంబరు కొట్టబోయాను.

"ఆగండి మేడం" అంది. "మీరు నా పేరు వేస్తే మా నాయన ఊళ్లో తలెత్తుకోలేడు. చీట్లేస్తాం."

"ఇది మీ మడుగు కాదు. యూనివర్సిటీ" అన్నాను. నా గొంతు లేచింది. "ఉద్యోగం పోతుంది, తెలుస్తోందా నీకు?"

"తెలుసు మేడం."

నా బల్ల మీదున్న పాత రిపోర్టు చించి నాలుగు ముక్కలు చేశారు. పేర్లు రాసి మడిచి, నేను టీ తాగే కప్పులో వేశారు. వాళ్ల ఊళ్లో చీటీ వంతు లేనివాళ్ల చేత తీయిస్తారట. నా ముందుకు కప్పు జరిపారు. వద్దన్నాను. వాళ్లు కప్పు వెనక్కి తీసుకోలేదు. చివరికి చెయ్యి పెట్టి ఒకటి తీశాను. పొట్టి అబ్బాయి పేరు. పాసు మార్కుల మీద బతికే పిల్లవాడు, ఏ ఉద్యోగమూ ఎదురుచూడటం లేదు.

"నాకొద్దు మేడం, ఆ పాపకి వేసేయండి" అన్నాడు. ఏడుపు మొహం పెట్టాడు.

"వంతొచ్చినాక వద్దంటే ఎట్లా" అంది ఆ అమ్మాయి, తమ్ముణ్ణి కసిరినట్టు. "బాగా చదివి పాసవ్వు."

ఆ డ్రాయరు నా మోకాలికి తగులుతూనే ఉంది. తెరిస్తే అందులో వాళ్ల నలుగురి పేర్లూ తేదీతో సహా ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని వరండాలో నలభై అడుగులు నడిస్తే డీన్ గారి గది. నలుగురికీ హాల్ టికెట్లు వచ్చేవి. చీటీ అవసరమే ఉండేది కాదు. నేను పొట్టి అబ్బాయి రోల్ నంబరు కొట్టి, మూడు ఖాతాల నిమిషాలు అతని ఖాతాలోకి మార్చాను. అది చాలా చక్కగా పనిచేసింది. ఎర్ర వరుస ఒకటి ఆకుపచ్చగా మారింది, మిగతా మూడింటిలో సున్నాలు వచ్చాయి.

పొట్టి అబ్బాయి పరీక్ష రాశాడు, అత్తెసరు మార్కులతో బయటపడ్డాడు. జూన్‌లో హ్యాచరీ వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. వర్షాలు మొదలయ్యేలోపు నా ప్రమోషన్ ఉత్తర్వులు వచ్చాయి. డిజిటల్ బోధనను సమర్థంగా అమలు చేశానని అందులో ఒక పేరా రాశారు. మిఠాయి పంచాను. నాకు ఈమెయిలు పని అప్పగించే పెద్దవాళ్లంతా వచ్చి చేతులు కలిపారు. ఆ రోజంతా ఎవరు నవ్వుతూ మాట్లాడినా నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంత చిరాకు అని ఇంట్లో అడిగితే తలనొప్పి అన్నాను.

మళ్లీ చేరే గడువు దగ్గర పడింది. పొడుగు అబ్బాయి, ఇంకో అబ్బాయి చెన్నై హార్బరులో పనికి పోయారని తెలిసింది. ఆ అమ్మాయి పేరు జాబితాలో లేదు. ఫోను చేస్తే కలవలేదు, ఎప్పుడు చేసినా కలవదని నాకు తెలియనిది కాదు. చేరే ఫారం ఒకటి సంచిలో పెట్టుకుని, ఒక ఆదివారం పొద్దున బస్సెక్కాను. ఆ కాగితం నా డ్రాయరులోనే ఉండిందని, కమిటీలో కావాలనే నోరు విప్పలేదని నిజం చెప్పేద్దామనే బయలుదేరాను. చెప్పి, తిట్టించుకుని, కాళ్లావేళ్లా పడైనా ఫారం మీద సంతకం పెట్టించుకుని రావాలని. సూళ్లూరుపేట దాకా ఆ మాటలే మనసులో వల్లె వేశాను.

వాళ్ల ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. టీచరమ్మ వచ్చిందని నాకన్నా ముందే కబురు వెళ్లింది. ఆమె గుమ్మంలో ఎదురై, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. వాళ్ల నాన్న సరస్సు మీద ఉన్నాడట. నీళ్ల గ్లాసు ఇస్తుంటే వేళ్లు చూశాను. కొసలు తెల్లగా నాని, పగుళ్లు ఇచ్చి ఉన్నాయి. రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. వారమంతా ఐసు నీళ్లలో చేతులు, ఆదివారం సెలవు.

ఫారం తీసి ఒళ్లో పెట్టాను. చూసింది, చదివింది, మడిచి తిరిగి ఇచ్చింది.

"తమ్ముడు ఇంటర్లో చేరినాడు మేడం. ఇద్దరం ఒకసారి చదవలేం."

"నేను చూసుకుంటాను, నువ్వు రా" అన్నాను.

"నాయన ఒప్పుకోడు మేడం." ఆ మాట గట్టిగా అనలేదు గానీ, దాని మీద ఇంకో మాట అనడానికి వీల్లేకుండా అంది.

నేను వల్లె వేసుకొచ్చిన మాటల్లో మొదటిది ఎంతకీ నోటికి రాలేదు. దాని బదులు ప్రశ్న వచ్చింది.

"ఆ రోజు కమిటీలో ఎందుకు చెప్పలేదమ్మా, నేను చూడమన్నానని?"

ఆమె ఇబ్బంది పడింది. నా తప్పు నా ముందే ఎత్తాల్సి వచ్చినందుకు ఇబ్బంది పడింది.

"అంతకు ముందు రోజు నాయనకి చెప్పినా మేడం. మీరు చూడమన్నారు, రాసుకోవడం మర్చిపోయినారని. అది చెప్తే ఆమెకేమవతాదని అడిగినాడు. ఉద్యోగం పోతాదేమో అన్నాను. అయితే చెప్పబాకు అన్నాడు. మనకి పోయేది ఒక ఏడు, ఆమెకి కూడు పోతాది అన్నాడు. అందుకే వాళ్ల ముగ్గుర్ని కూడా చెప్పబాకండి అన్నాను."

నేను ఆమె చేతుల వైపు చూడకుండా ఉండటానికి గ్లాసులోకి చూస్తున్నాను. నాది పర్మనెంటు ఉద్యోగం. అది ఎక్కడికీ పోదు. పోయేలా చేయాలన్నా యూనివర్సిటీ వాళ్లకే సాధ్యం కాదు. ఒక మెమో వచ్చేది. ఒక పేజీ సంజాయిషీ రాసి ఇస్తే అది ఫైలులో పడి ఉండేది. ఏడాది తర్వాత ఎలాగూ ప్రొఫెసర్‌ని అయ్యేదాన్ని. అదంతా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ముగ్గురు పిల్లలు ఒక మనిషి కూడు కాపాడామనుకుని తమ చదువు వదులుకున్నారు.

నేను గ్లాసులోంచి తల ఎత్తకపోయేసరికి ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. నా కళ్లలోకి సూటిగా చూసింది.

"చెప్పుంటే మీ ఉద్యోగం పోయేదే కదా మేడం?"

"అవునమ్మా" అన్నాను. "పోయేది."